రిసెప్షన్ సంగతి తర్వాత, ముందు స్టాఫ్ కూర్చునే సీటు చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విజయవాడ గవర్నర్‌పేటలో పదేళ్లుగా నడుపుతున్న జీఎస్టీ, అకౌంట్స్ ఆఫీసును మొగల్రాజపురానికి మార్చబోతున్నారు. రెండో అంతస్తు, పైన డాబానే, 1,800 చదరపు అడుగులు, 22 మంది స్టాఫ్, 14 లక్షల బడ్జెట్. పాత ఆఫీసులో మధ్యాహ్నం మూడయ్యేసరికి అందరికీ మత్తు, కొందరికి తలనొప్పి, ముగ్గురికి నడుం నొప్పి. కొత్త చోట ఈ బాధలు ఉండకూడదన్నది మీ కోరిక. డిజైనర్ గీసిన త్రీడీ బొమ్మల్లో ముందువైపు నిలువెత్తు అద్దం, హాలంతా ఫాల్స్ సీలింగ్, రిసెప్షన్‌లో ప్లాస్టిక్ గడ్డి గోడ ఉన్నాయి. ఇది సరిపోతుందా అని అడిగారు.

సరిపోదండి. ఆ బొమ్మల్లో డబ్బంతా గుమ్మంలోంచి లోపలికి వచ్చేవాడి కంటికి పెట్టారు. మీ క్లయింటు రిసెప్షన్‌లో పది నిమిషాలు కూర్చుంటాడు. మీ అకౌంటెంట్ తన సీటులో తొమ్మిది గంటలు కూర్చుంటుంది, జీఎస్టీ రిటర్ను వేయాల్సిన 20వ తేదీ దగ్గర పడితే పన్నెండు గంటలు. గుంటూరులో, బెజవాడలో ఇరవై రెండేళ్లుగా ఆఫీసుల ఇంటీరియర్ పని చేస్తున్నాను. మొదటి ఏడెనిమిదేళ్లు నేనూ ఇదే తప్పు చేశాను. అరండల్‌పేటలో ఒక ఆఫీసుకి ముందువైపు మొత్తం నల్లద్దం పెట్టించాను. ఫోటోల్లో చాలా బాగుండేది. మూడేళ్ల తర్వాత మరో పని మీద అక్కడికి వెళ్తే, అద్దం పక్కన వరసలో కూర్చున్నవాళ్లు లోపలివైపు అట్టపెట్టెలు చింపి అతికించుకుని ఉన్నారు. ఎండ తట్టుకోలేక. ఆ అట్టలు ఇప్పటికీ నాకు గుర్తున్నాయి. అప్పటినుంచి ఏ ఆఫీసుకైనా ముందు వేడి, తర్వాత గాలి, ఆ తర్వాత వెలుతురు, కుర్చీ, టాయిలెట్ చూసి, మిగిలిన డబ్బుతోనే రిసెప్షన్ సంగతి చూస్తున్నాను.

వేడితో మొదలుపెడదాం. మీ బిల్డింగ్ ముఖం పడమరకి ఉందని రాశారు. మన ఊళ్లో పడమటి అద్దం అంటే మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నం రెండు తర్వాత పొయ్యి పక్కన కూర్చోవడమే. సాయంత్రపు ఎండ కిందికి వాలి వస్తుంది కాబట్టి కిటికీ మీద సజ్జ ఎంత పొడుగు పెట్టినా దాన్ని ఆపదు. నిలువు పలకలే ఆపుతాయి. అవి కూడా అద్దానికి బయటివైపు ఉండాలి. లోపల పెట్టే బ్లైండ్లు వెలుగును ఆపుతాయి కానీ వేడిని ఆపలేవు, ఎందుకంటే అది అప్పటికే అద్దం దాటి లోపలికి వచ్చేసింది. అద్దానికి ఫిల్మ్ వేస్తే కొంత తగ్గుతుంది. అయితే మా అనుభవంలో బయట అల్యూమినియం పలకలో, కనీసం మంచి వెదురు తడకలో కట్టిస్తే వచ్చే తేడా ముందు ఫిల్మ్‌తో వచ్చేది ఏపాటిదీ కాదు. బిల్డింగ్ ఓనర్ ఎలివేషన్, అంటే బయటి రూపం, పాడవుతుందని ఒప్పుకోకపోతే ఆ నిలువెత్తు అద్దాన్ని వదిలేయండి. గోడ ఉంచి, మూడడుగుల ఎత్తు నుంచి పైకి మామూలు కిటికీలు పెట్టించండి.

పడమటి వైపు ఎవరినీ కూర్చోబెట్టకపోవడం ఇంకా తేలిక. ఫైళ్ల గది, టాయిలెట్లు, సర్వర్ బీరువా, జిరాక్స్ మిషను, అన్నిటినీ ఆ వైపు తోసేయండి. మనుషులకీ ఎండకీ మధ్య అవి అడ్డంగా ఉంటాయి. వాస్తు చూసుకుంటామని మీరు రాశారు కాబట్టి చెబుతున్నాను: నైరుతిలో బరువు, వాయవ్యంలో టాయిలెట్లు అని మీ సిద్ధాంతిగారు ఎలాగూ చెబుతారు. రెండూ పడమటి గోడకే వస్తాయి. ఇక్కడ వాస్తుకీ వేడికీ గొడవే లేదు. గొడవ వచ్చేది యజమాని క్యాబిన్ దగ్గర. అది ఉన్న మంచి కిటికీలన్నీ మింగేస్తుంది, స్టాఫ్ నడిమధ్య చీకట్లో పడతారు. మీ క్యాబిన్‌కి ఒక్క కిటికీ చాలు. తూర్పు, ఉత్తరం కిటికీలు హాలుకి వదలండి.

పైన డాబా కాబట్టి స్లాబు సంగతి కూడా చూడాలి. విజయవాడ పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీదికి వస్తాడు. గోడల కంటే డాబాయే ఎక్కువ ఎండ తింటుంది. పగలంతా కాగిన స్లాబు సాయంత్రం ఆరు దాటాక కిందికి సెగ వదులుతుంది. పక్కనే ఉన్న మొగల్రాజపురం కొండ రాయి కూడా అంతే. అగ్రిమెంట్ రాసుకునేటప్పుడే డాబాకి తెల్ల కూల్ రూఫ్ పెయింటో తెల్ల టైల్సో వేయిస్తామని, కనీసం ఏటా ఫిబ్రవరిలో సున్నం కొట్టిస్తామని ఓనర్ చేత రాయించుకోండి. ఈ ఒక్క పనితో ఏసీ బిల్లులో తేడా కనిపిస్తుంది.

ఇప్పుడు గాలి. మీ పాత ఆఫీసులో మూడింటికి వచ్చే మత్తుకి నా అనుమానమంతా దీని మీదే. పెరుగన్నం తిని నిద్రపోతున్నారని మనం స్టాఫ్‌ని తిట్టుకుంటాం. తిండి ప్రభావం కొంత ఉంటుంది, కాదనను. కానీ స్ప్లిట్ ఏసీ బయటి గాలి తీసుకోదు. గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ మళ్లీ తిప్పుతుంది. చల్లదనం పోతుందని తలుపులు, కిటికీలు బిగించి ఇరవై మంది కూర్చుంటే వాళ్లు వదిలిన కార్బన్ డయాక్సైడ్ అక్కడే పేరుకుంటుంది. బయటి గాలిలో అది పది లక్షల వంతుల్లో 420 వంతులకు కాస్త పైగా ఉంటుంది. లోపల 1,000 దాటకుండా చూసుకోవాలన్నది మేం పాటించే లెక్క. దీన్ని కొలిచే చిన్న మీటరు కొన్ని వేల రూపాయలకు దొరుకుతుంది. లబ్బీపేటలో ఒక ఆఫీసులో భోజనాలయ్యాక పెట్టి చూస్తే 2,100 చూపించింది. రెండు వైపులా కిటికీలు తెరిచి ఇరవై నిమిషాలు ఆగితే 700కి దిగింది. ఆ ఇరవై నిమిషాల్లో అక్కడివాళ్ల ముఖాల్లో వచ్చిన మార్పు చూసి వాళ్ల మేనేజరే మీటరు కొనుక్కున్నాడు.

మీకు కావాల్సిన లెక్క ఇదీ. మనిషికి సెకనుకి పది లీటర్ల బయటి గాలి అనుకుంటే 22 మందికి 220 లీటర్లు, అంటే గంటకి దాదాపు 800 ఘనపు మీటర్లు. బయటి గాలిని గొట్టంలోంచి లోపలికి తోసే ఒక మంచి ఇన్‌లైన్ ఫ్యాన్, దాని ముందు దుమ్ము ఆపే ఫిల్టరు, ఎదురు గోడకి ఎగ్జాస్ట్ ఉంటే సరిపోతుంది. ఉట్టి ఎగ్జాస్ట్ పెట్టి ఊరుకోకండి. అది ఎక్కడ సందు దొరికితే అక్కడినుంచి గాలి లాగుతుంది, చాలాసార్లు టాయిలెట్ తలుపు కింద నుంచి. గాలి లోపలికి తీసుకునే నోరు ఎక్కడ పెడుతున్నారో మీరే స్వయంగా వెళ్లి చూడండి. కింద జనరేటర్ పొగ గొట్టం ఉన్న వైపు, పక్క హోటల్ వంటగది వైపు పెట్టిన ఆఫీసులు చూశాను. కరెంటు పోయిన ప్రతిసారీ డీజిల్ పొగ నేరుగా స్టాఫ్ ముక్కులోకి వెళ్లేది. ఇన్వర్టర్ బ్యాటరీలు కూడా హాల్లో వద్దు. లెడ్ యాసిడ్ బ్యాటరీలు చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతాయి. గాలి ఆడే బాల్కనీలో పెట్టించండి. బయటి గాలి లోపలికి వస్తే ఏసీ మీద భారం పెరుగుతుంది, నిజమే. అందుకే టన్నుల లెక్క వేసే ఏసీ మనిషికి ఈ సంగతి ముందే చెప్పాలి. పొద్దున ఏడున్నరకి ఊడ్చే ఆవిడ వచ్చినప్పుడు కిటికీలన్నీ తెరిచి, ఏసీ వేసేముందు మూయడం మాత్రం ఖర్చు లేని పని.

ఫాల్స్ సీలింగ్ గురించి నా మాట కఠినంగానే ఉంటుంది. పదడుగుల ఎత్తున్న హాలుని ఎనిమిదిన్నరకి దించి, సీలింగ్ ఫ్యాన్లు తీసేసి, చల్లదనం కోసం ఏసీని 18లో పెట్టడం మన ఊళ్లో ఆనవాయితీ అయిపోయింది. ఏసీ ఎదురుగా ఉన్న సీటులో అమ్మాయి రోహిణి కార్తెలో శాలువా కప్పుకుని పనిచేస్తుంటుంది, మూల సీటులో అబ్బాయికి చెమట పడుతుంటుంది. స్లాబుకి తెల్ల రంగు వేసి, వైర్లు నీట్‌గా పైపుల్లో నడిపించి, సీలింగ్ ఫ్యాన్లు ఉంచండి. ఏసీ 26లో, ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంటే ఎక్కువమందికి హాయిగా ఉంటుంది. 2020 జనవరి నుంచి మన దేశంలో స్టార్ రేటింగ్ ఉన్న రూమ్ ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ నిబంధన పెట్టింది. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు దాదాపు 6 శాతం ఆదా అవుతుందని వాళ్లే చెబుతారు. ఏసీ గాలి నేరుగా ఎవరి మెడ మీదా పడకూడదు. నడిచే దారి మీద పడేలా యూనిట్ బిగించమనండి. ఫాల్స్ సీలింగ్‌లో మిగిలిన డబ్బుతో కుర్చీలు వచ్చేస్తాయి.

వెలుతురు. టేబుళ్లు కిటికీకి అడ్డంగా, అంటే కిటికీ మనిషికి కుడి పక్కనో ఎడమ పక్కనో ఉండేలా వేయండి. కిటికీ వెనక ఉంటే స్క్రీన్ మీద మెరుపు కొడుతుంది. ఎదురుగా ఉంటే కళ్లు చిట్లించుకోవాల్సి వస్తుంది. పనిచేసే బల్ల మీద 500 లక్స్ వెలుతురు ఉంటే ఇన్వాయిస్‌లు, రసీదులు చదవడానికి ఇబ్బంది ఉండదు. లైట్ల రంగు 4,000 కెల్విన్ ఉండేలా తీసుకోండి. షాపుల్లో ఇచ్చే 6,500 నీలితెలుపు ఆస్పత్రి వార్డులా ఉంటుంది, సాయంత్రానికి కళ్లు మండుతాయని స్టాఫ్ చెబుతారు. కొనేముందు షాపులోనే లైటు వెలిగించి ఫోన్ కెమెరాతో చూడండి. తెర మీద నల్ల చారలు కదులుతుంటే లైటుకి కరెంటు సర్ది ఇచ్చే డ్రైవర్ నాసిరకం, లైటు కంటికి కనిపించకుండా ఆడుతోందన్నమాట. తలనొప్పి వచ్చేవాళ్లకి అది పడదు. స్విచ్‌లు వరసకొకటి పెట్టించండి. ఒక్క స్విచ్‌తో హాలంతా వెలిగేలా పెడితే కిటికీ పక్కవాళ్లు పగలు కూడా లైటు కింద కూర్చోవాలి.

కుర్చీ, టేబుల్ దగ్గరికి వద్దాం. డిజైనర్ బొమ్మలో మీ క్యాబిన్‌లో పెద్ద లెదర్ బాస్ చైర్, స్టాఫ్‌కి చిన్న కుర్చీలు ఉన్నాయి. నా దృష్టిలో అది తలకిందులు. మీరు రోజులో సగం బయట తిరుగుతారు, వాళ్లు కదలరు. వాళ్లకి వీపు దగ్గర గాలి ఆడే మెష్ కుర్చీలు కొనండి. మన ఉక్కపోతలో రెగ్జిన్ వీపుకి అంటుకుంటుంది. ఎత్తు, చేతులు, నడుం దగ్గర ఆనుకునే భాగం, మూడూ సర్దుకునేలా ఉండాలి. ఏడెనిమిది వేల నుంచి పనికొచ్చేవి దొరుకుతాయి. కేటలాగ్ చూసి ఆర్డర్ ఇవ్వకండి. మీ ఆఫీసులో అందరికంటే పొట్టి మనిషినీ అందరికంటే పొడుగు మనిషినీ షోరూమ్‌కి తీసుకెళ్లి అరగంట కూర్చోబెట్టండి. పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి, మోకాలి వెనక రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. మామూలుగా టేబుళ్లు 75 సెంటీమీటర్ల ఎత్తులో వస్తాయి. అయిదడుగుల అమ్మాయికి అది ఎక్కువే. ఆమె కుర్చీ పైకి లేపుకుంటే కాళ్లు గాలిలో వేలాడతాయి, తొడల కింద నొక్కుకుపోయి సాయంత్రానికి పాదాలు వాస్తాయి. కార్పెంటర్ చేత ఏటవాలు చెక్క ఫుట్‌రెస్ట్‌లు పది చేయించండి. మిగిలిన ప్లైవుడ్ ముక్కలతోనే అయిపోతాయి. నా అనుభవంలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసిన వస్తువు ఇంకోటి లేదు.

స్క్రీన్ పైఅంచు కంటి ఎత్తుకి వచ్చేలా, చెయ్యి చాపితే వేళ్లు తగిలేంత దూరంలో ఉండాలి. ల్యాప్‌టాప్ మీద రోజంతా పనిచేసేవాళ్లకి విడి కీబోర్డ్, స్టాండు ఇవ్వాల్సిందే, లేకపోతే మెడ వంగే ఉంటుంది. నడుం నొప్పి ఉన్న ముగ్గురికీ కుర్చీ మారిస్తే తగ్గిపోతుందని నేను హామీ ఇవ్వలేను. వాళ్లని డాక్టరుకి చూపించండి. కానీ ఎంత మంచి కుర్చీ అయినా గంటల తరబడి కదలకుండా కూర్చుంటే ఏమీ చేయలేదు. అందుకే ప్రింటర్, మంచినీళ్ల క్యాను, చెత్తబుట్ట ఎవరి చేతికీ అందనంత దూరంలో పెట్టిస్తాను. లేచి నడవాల్సి వస్తుంది.

ఆ మంచినీళ్ల దగ్గర ఒక మాట. గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆఫీసు పని ఒప్పుకునే ముందు అక్కడి ఆడపిల్లలతో మాట్లాడాను. మీకు ఏం కావాలమ్మా అంటే కుర్చీ అనలేదు, ఏసీ అనలేదు. అందరికీ కలిపి ఒక్కటే టాయిలెట్, దాని తలుపు క్లయింట్లు కూర్చునే సోఫా ఎదురుగా ఉంది. వెళ్లడానికి సిగ్గుపడి పొద్దుటినుంచి నీళ్లు తాగడం మానేస్తున్నామని చెప్పారు. ఎండాకాలంలో, ఏసీ గదిలో, నీళ్లు తాగకుండా ఎనిమిది గంటలు. మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు, తలనొప్పి రాకుండా ఎలా ఉంటాయి? ఆ తలనొప్పికి మనం లైట్లు మార్చి ఏం లాభం? మీ స్టాఫ్‌లో పద్నాలుగు మంది ఆడవాళ్లని రాశారు, కానీ ప్లాన్‌లో టాయిలెట్ ఒక్కటే కనిపిస్తోంది. త్రీడీలో ఇంకేం తీసేసినా సరే, ఆడవాళ్లకి విడిగా రెండు పెట్టించండి. తలుపు హాల్లోకి తెరుచుకోకుండా ముందు చిన్న గోడ అడ్డం ఉండాలి. లోపల గట్టి గడియ, మూత ఉన్న బుట్ట, బ్యాగు తగిలించుకునే కొక్కెం, మంచి లైటు, ఎగ్జాస్ట్, ఆగకుండా వచ్చే నీళ్లు ఉండాలి. శుభ్రం చేసే ఆవిడకి జీతం సరిగ్గా ఇవ్వండి.

ఆ పక్కనే ఆరడుగులకి అయిదడుగుల చిన్న గది వదలగలిగితే ఇంకా మంచిది. లోపల గడియ, ఒక వాలు కుర్చీ, ప్లగ్ పాయింట్ చాలు. ప్రసవం తర్వాత పనిలోకి వచ్చిన తల్లికి పాలు పిండుకోవడానికి, నెలసరి నొప్పితో ఉన్న అమ్మాయి పావుగంట నడుం వాల్చడానికి, షుగరు ఉన్నాయన ఇన్సులిన్ తీసుకోవడానికి పనికొస్తుంది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం 50 మంది, అంతకు మించి ఉన్న ఆఫీసుల్లో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలంది. మీ 22 మందికి అది వర్తించదు. ఈ గదికి చట్టం అడగాల్సిన పని లేదు.

శబ్దం సంగతి క్లుప్తంగా. వెట్రిఫైడ్ టైల్స్, గాజు పార్టిషన్లు, బోసి గోడలు కలిస్తే ఒకరు ఫోన్‌లో మాట్లాడితే ఇరవై మందికి వినిపిస్తుంది. అంకెలు కలిపేవాళ్లకి ఇది నరకం, 20వ తేదీ టెన్షన్‌లో మరీనూ. క్లయింట్లతో ఫోన్ మాట్లాడేవాళ్లని ఒక మూలకి చేర్చి, ఆ మూల గోడలకి గుడ్డ చుట్టిన రాక్‌వూల్ (రాతి పీచు) పలకలు బిగించండి. గుడ్ల ట్రేల ఆకారంలో ఉండే స్పాంజ్ షీట్లు వద్దు, నిప్పంటుకుంటే క్షణాల్లో మండుతాయి.

ప్లాస్టిక్ గడ్డి గోడ తీసేయండి. ఆర్నెల్లకి దుమ్ము గూడవుతుంది, ఎవరూ కడగరు. నిజమైన మొక్కలు పెట్టండి, కానీ అవి గాలిని శుభ్రం చేస్తాయని అమ్మేవాళ్లు చెప్పే మాట నమ్మకండి. 1989లో నాసా చేసిన ప్రయోగం మూసేసిన చిన్న పెట్టెల్లో జరిగింది. మన హాలు గాలి మీద నాలుగు కుండీలు చూపే ప్రభావం లెక్కలోకి రాదు. మొక్కలు కంటికి, మనసుకి. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు ఆపరేషన్ అయిన రోగుల రికార్డులు చూసి, కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు ఇటుక గోడ కనిపించినవాళ్లకంటే త్వరగా ఇంటికెళ్లారని, తక్కువ నొప్పి మందులు వాడారని రాశాడు. మీ తూర్పు కిటికీల్లోంచి పక్క వీధి వేపచెట్టు కనిపిస్తోందని ఫోటోలో చూశాను. ఆ కిటికీలకి మసక మసకగా ఉండే ఫ్రాస్టెడ్ స్టిక్కర్ వేయనివ్వకండి. కుండీల కింద పళ్లేల్లో మాత్రం నీళ్లు నిలవకూడదు. డెంగీ దోమ అలాంటి నీళ్లలోనే పెరుగుతుంది, కుట్టేదీ పగలే.

భోజనానికి కిటికీ పక్కన ఒక పొడుగు బల్ల, చేతులు కడుక్కునే సింకు వేయించండి. సీటులోనే క్యారియర్ విప్పుకునే అలవాటు పోతుంది, కనీసం అరగంట లేచి నలుగురితో కూర్చుంటారు.

చివరగా ముహూర్తం. మన దగ్గర పని ఆలస్యం కావడం, పూజకి ముందురోజు రాత్రి దాకా పెయింట్ వేయడం, మర్నాడే స్టాఫ్ వచ్చి ఆ వాసనలో కూర్చోవడం మామూలైపోయింది. పార్టికల్ బోర్డులో, చవక ప్లైవుడ్‌లో వాడే జిగురు నెలల తరబడి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు వదులుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. అది తక్కువగా వదిలే ఇ0 లేదా ఇ1 గ్రేడ్ బోర్డులే వాడాలని కొటేషన్‌లో రాయించండి. కోసిన అంచులన్నిటికీ, టేబుల్ అడుగున కంటికి కనిపించనివాటికి కూడా అంచు మూసే పట్టీ, ఎడ్జ్ బ్యాండ్, వేయించండి. లోపలి గోడలకి తక్కువ వాసన పెయింట్లు తీసుకోండి. పాలు పొంగించే ముహూర్తం ఎప్పుడైనా పెట్టుకోండి, స్టాఫ్‌ని మాత్రం పని పూర్తయిన మూడు వారాల తర్వాతే రమ్మనండి. ఆ మూడు వారాలూ పగలంతా కిటికీలు తెరిచి, ఫ్యాన్లు వేసి ఉంచండి. పాత ఆఫీసు అద్దె ఒక నెల అదనంగా కట్టాల్సి వస్తుంది, దాన్ని కూడా 14 లక్షల్లోనే లెక్క వేసుకోండి.

మీరింకా అడ్వాన్స్ ఇవ్వలేదని రాశారు కాబట్టి ఒక పని చేయండి. ఈ వారంలో ఒకరోజు మధ్యాహ్నం రెండున్నరకి ఒక ప్లాస్టిక్ కుర్చీ తీసుకుని ఆ ఖాళీ హాలుకి వెళ్లండి. పడమటి గోడ మీద, స్లాబు కింద అరచెయ్యి పెట్టి చూడండి. తలుపులు మూసి, ప్లాన్‌లో మీ అకౌంటెంట్ సీటు ఎక్కడుందో సరిగ్గా అక్కడ ఐదు దాకా కూర్చోండి. ఏ కిటికీలోంచి గాలి వస్తోందో, ఎండ ఎక్కడిదాకా పాకుతోందో ప్లాన్ మీద పెన్సిల్‌తో గీసి, ఉత్తరం గుర్తు పెట్టి నాకు పంపండి. టేబుళ్లు ఎటు తిప్పాలో అది చూసి చెబుతాను.